టాంక్‌బండ్ మీద, నాలుగున్నరకి

సినిమాల్లో హీరో హీరోయిన్లు మొట్టమొదటిసారి ఎలా కలుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. కాలేజీ మెట్ల దగ్గర ఢీకొంటారు. పుస్తకాలు కింద పడతాయి. ఏరుకోబోతే రెండు తలలూ తగులుతాయి. కాస్త ఖర్చు పెట్టగల నిర్మాత అయితే ఆ సమయానికి వాన కూడా కురిపిస్తాడు.

నేను ముప్పై అయిదేళ్ళుగా హైదరాబాద్‌లోనూ దాని చుట్టుపక్కలా బతుకుతున్నాను. అందులో పన్నెండేళ్ళు సినిమా వాళ్ళ వెనక నోటుబుక్కు పట్టుకుని తిరిగాను. ఇప్పటిదాకా పుస్తకాలు కింద పడగా పుట్టిన ప్రేమ ఒక్కటంటే ఒక్కటి నా కంటపడలేదు. నేను విన్న ప్రేమల్లో సగం మాత్రం ఒకే ఒక్క డైలాగుతో మొదలయ్యాయి. "టాంక్‌బండ్ మీద ఉంటా, వచ్చెయ్!"

ఈ డైలాగు ఏ రచయితా రాయలేదు. అంచేత పారితోషికం గొడవ లేదు. మూడు తరాలు ఉచితంగా వాడుకున్నాయి.

ఈ వారం ఇంటర్వెల్ కబుర్లు ఆ గట్టు మీదనే చెప్పుకుందాం. ఎందుకంటారా? మొన్న ఓ సినిమా ప్రివ్యూకి వెళ్ళాను. అందులో అబ్బాయీ అమ్మాయీ మొదటిసారి కాఫీ షాపులో కలుసుకుంటారు. కప్పు కాఫీ పన్నెండు నిమిషాలు తాగారు. నా పక్క సీట్లో వెనకటికి నేను పనిచేసిన పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా ఉండి రిటైరైన ఓ పెద్దావిడ కూచున్నారు. ఆవిడ నా చెవిలో "బాబూ, మాకు కాఫీ లేదయ్యా. చెరువు కంపు ఉండేది. అయినా పన్నెండు నిమిషాలు మాటల్లేకుండా కూచోలేదు" అన్నారు.

ఇంటర్వెల్‌లో ఆవిడ చెప్పిన కథ విన్నాక సినిమా రెండో సగం నా బుర్రకెక్కలేదు. ఆ కథ తరువాత చెబుతాను. ముందు వరసలో నిలబడ్డది మా చిన్నాయన కథ.

అంతకన్నా ముందు చెరువు గురించి రెండు ముక్కలు. హుస్సేన్‌సాగర్‌ని 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించాడు. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. అంటే ఊరికన్నా చెరువు ముప్పై ఏళ్ళు పెద్దది. ఇంకో రెండొందల ఏళ్ళు దాటాక చెరువుకి అవతల సికింద్రాబాద్ వెలిసింది. ఇటు ఓ ఊరు, అటు ఓ ఊరు, మధ్యన ఓ గట్టు. ఇటు అబ్బాయి, అటు అమ్మాయి ఉంటే ఇక కలుసుకునే చోటు వేరే వెతుక్కోవాలా చెప్పండి?

మా చిన్నాయన సరిగ్గా అలాంటి అబ్బాయే. మాది భువనగిరి దగ్గరి పల్లె. ఆయన ఆబిడ్స్‌లో ఓ బ్యాంకులో గుమాస్తా. 1979లో మారేడ్‌పల్లిలో ఓ సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తలెత్తలేదు, ఈయన తల దించలేదు. లగ్గం రెండు నెలలుందనగా చిన్నాయనకి ఓ కోరిక పుట్టింది. పిల్లతో ఒక్కసారి ఒంటరిగా మాట్లాడాలని. ఆ రోజుల్లో అది కోరిక కాదు, నేరం. అయినా సాహసించి ఉత్తరం రాశాడు. ఆదివారం నాలుగు గంటలకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సుస్టాపులో ఉంటానని.

ఆ ఉత్తరాన్ని కాబోయే మామగారు విప్పి చదివారు. కోప్పడలేదు. కూతురికిచ్చి "పోయిరా బిడ్డా, తమ్ముణ్ణి తోలుకపో" అన్నారు. తమ్ముడికి తొమ్మిదేళ్ళు.

మన సినిమాల్లో ఈ తమ్ముడి పాత్ర మీకు బాగా తెలుసు. ఐస్‌ఫ్రూట్ కొనిపెడితే అటు పోతాడు. ఈ తమ్ముడు పోలేదు. ఐస్‌ఫ్రూట్ తింటూ ఇద్దరి మధ్యనే నిలబడ్డాడు. ఇంతలో దేవుడు పంపినట్టు డబుల్ డెక్కర్ బస్సొచ్చింది. ఆ ఎర్రటి రెండంతస్తుల బస్సులు సికింద్రాబాద్ నుంచి టాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా తిరిగేవి. బస్సెక్కగానే తమ్ముడు ఒక్క పరుగున పైకి పోయి, ముందు అద్దం దగ్గర సీటు పట్టాడు. ఇక దిగితే ఒట్టు. కింద వీళ్ళిద్దరూ మిగిలారు.

ఆనాడు ఏం మాట్లాడుకున్నారో చిన్నమ్మ ఈ మధ్యనే చెప్పింది. మొదటి మాట ఆమెదేనట.

"మీకు సిగరెట్ అలవాటుందా?"

"ఉంది."

"మా నాయినకు తెలుసా?"

"తెల్వదు."

"సరే. నేను చెప్పను."

అంతే. పెళ్ళిమంత్రాలు రెండు నెలల తరువాత చదివించారు గానీ, అసలు పెళ్ళి ఆ బస్సులోనే అయిందని చిన్నాయన అనేవాడు. అఫ్జల్‌గంజ్‌లో దిగుదామంటే పిల్లవాడు పైనుంచి రానన్నాడు. చేసేదేముంది, మళ్ళీ టిక్కెట్లు కొని అదే బస్సులో వెనక్కి వచ్చారు. "రెండుసార్లు టాంక్‌బండ్ దాటినం రా. ఒక్కసారన్నా చెరువు చూడలే" అని చిన్నాయన నవ్వేవాడు. పండక్కి పండక్కి ఇదే కథ. మేమందరం అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళం.

చిన్నాయన పోయి ఆరేళ్ళయింది. ఊపిరితిత్తులు. మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ బస్సు సంగతి నేనే ఎత్తాను, చిన్నమ్మ నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ అంది. "ఆనాడు మా నాయినకు చెప్పాల్సింది బిడ్డా. లగ్గం ఆగేది కాదు. సిగరెట్ ఆగేదేమో."

ఇన్నేళ్ళూ మాకు నవ్వు తెప్పించిన కథ వెనక ఆమె ఒక్కతే మోసిన మాట అది. నా దగ్గర జవాబు లేదు. పక్కన కూచుని నేనూ రాళ్ళేరాను.

ఇక ప్రూఫ్‌రీడర్ గారి కథ.

ఆవిడ కథకి రంగం సిద్ధం చెయ్యాలంటే ఎన్.టి. రామారావు గారిని పిలవాలి. 1983లో ముఖ్యమంత్రి అయ్యాక ఆయన టాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు 33 వరసగా నిలబెట్టించారు. సినిమా పిచ్చి ఉన్నవాడికి ఆ గట్టు మీద నడక ఓ సినిమా చరిత్ర పాఠం. వేమన కనిపిస్తే 1947 నాటి 'యోగి వేమన'లో నాగయ్య గారు గుర్తొస్తారు. రామదాసు దగ్గరకొస్తే 1964లో మళ్ళీ నాగయ్య గారే, 2006లో నాగార్జున. అన్నమయ్య దగ్గర 1997 నాటి నాగార్జున. క్షేత్రయ్య దగ్గర 1976 నాటి అక్కినేని. శ్రీకృష్ణదేవరాయలు ఎదురైతే ఆ విగ్రహాలు పెట్టించిన పెద్దాయనే 'తెనాలి రామకృష్ణ'లోనూ, 'మహామంత్రి తిమ్మరుసు'లోనూ ఆ కిరీటం పెట్టుకున్న సంగతి గుర్తొచ్చి తీరుతుంది. బళ్ళారి రాఘవ గారయితే వేరే ఎవరూ వెయ్యక్కర్లేదు, ఆయనే నటుడు. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడు, 1939లో 'రైతుబిడ్డ'.

ఈ విగ్రహాల వల్ల చరిత్రకు జరిగిన మేలు సంగతి పండితులు చెబుతారు. ప్రేమికులకు జరిగిన మేలు నేను చెబుతాను. రెండు కిలోమీటర్లు దాటిన గట్టు. అంతకు ముందు "టాంక్‌బండ్ మీద ఉంటా" అంటే ఎక్కడని వెతకాలి? విగ్రహాలొచ్చాక అడ్రసు కుదిరింది. "వేమన దగ్గర", "పోతన దగ్గర" అంటే చాలు. సెల్‌ఫోను లేని రోజుల్లో అంతకు మించిన సదుపాయం ఏముంది?

మన ప్రూఫ్‌రీడర్ గారు ఎంచుకున్నది మొల్లని. "ఆడపిల్ల ఒంటరిగా మొల్ల దగ్గర నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరయ్యా. కవిత్వం పిచ్చి అనుకుని పోతారు" అన్నారు. అది 1991. అతను ఓ ఆఫీసులో స్టెనో. కులాలు వేరు. మొదటిరోజున బఠాణీల పొట్లం తెచ్చాడట. పొట్లం కట్టిన కాగితంలో అచ్చుతప్పు చూపించి ఈవిడ నవ్వితే, అతనూ నవ్వాడు. అక్కణ్ణుంచి ప్రతి శనివారం మొల్ల సాక్షి.

ఆ రోజుల్లో చెరువు అడుగున బుద్ధుడున్నాడు. ఈ తరం వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలీదు. న్యూయార్కులో స్వేచ్ఛా ప్రతిమను చూసొచ్చిన రామారావు గారికి, మనకీ నీళ్ళ మధ్య ఓ విగ్రహం ఉండాలనిపించింది. మా భువనగిరి పక్కన రాయగిరిలో తెల్లరాయి దొరికింది. గణపతి స్థపతి ఆధ్వర్యాన చెక్కారు. ఒకే రాయి, 58 అడుగులు, 350 టన్నులు. 1990 మార్చి 10న పడవ మీద చెరువులోకి తీసుకుపోతూంటే ఒరిగి నీట మునిగింది. పదిమంది ప్రాణాలు పోయాయి. రెండేళ్ళ పైన బుద్ధుడు నీళ్ళ కిందనే పడుకున్నాడు.

స్టెనో గారు ఈవిడకో మాటిచ్చాడు. "బుద్ధుణ్ణి పైకి తీసిన రోజున మా ఇంట్లో చెప్పేస్తాను."

ఇచ్చినప్పుడు అది చమత్కారం. ఎవరు తీస్తారు, ఎప్పుడు తీస్తారు? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని ఈవిడ అన్నప్పుడల్లా అతను నీళ్ళవంక చూపించేవాడు. "ఇంకా లేవలేదుగా!" ఇద్దరూ నవ్వుకునేవారు. క్రమంగా నవ్వడం అతనొక్కడే చేసేవాడు.

1992 డిసెంబరు 1న బుద్ధుణ్ణి తీసి, చెరువు నడుమ జిబ్రాల్టర్ బండ మీద నిలబెట్టారు. ఊరు ఊరంతా గట్టు మీదికొచ్చింది. ఈవిడ ఆ శనివారం మొల్ల దగ్గర నాలుగింటి నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడ్డారు. ఆ పై శనివారం కూడా. అతను రాలేదు. తరువాత తెలిసింది, అతను బదిలీ చేయించుకున్నాడట.

ఈ కథని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా, సమోసా తింటూ చెప్పారు. చివర్లో చెయ్యి తుడుచుకుని అన్నమాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మూడువందల యాభై టన్నుల రాయిని లేపారయ్యా. ఆయన నాలుకని మాత్రం ఎవరూ లేపలేకపోయారు."

"తరువాత?" అన్నాను.

"తరువాతేముంది? నాలుగేళ్ళకి ఇంకొకాయన అడిగారు. ఆయన్నీ టాంక్‌బండ్‌కే రమ్మన్నాను. కాకపోతే ఈసారి కవయిత్రి దగ్గర కాదు, రుద్రమదేవి దగ్గర నిలబడ్డాను. వచ్చీరాగానే 'మీ ఇంట్లో చెప్పారా?' అని అడిగాను. 'చెప్పే వచ్చాను' అన్నారు. సరే కూచోండన్నాను."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన కూచునే ఉన్నారు. ప్రివ్యూకి ఆవిణ్ణి స్కూటరు మీద దింపింది ఆయనే. ఆటలో ఆయనకి ఆసక్తి లేదట, బయట బండి దగ్గర పేపరు చదువుకుంటున్నారు.

ఇద్దరి కథలూ చెప్పేశాను. మీరిప్పుడు "మరి మీ సంగతేమిటి?" అని అడుగుతారు. పన్నెండేళ్ళుగా ఊరందరి ప్రేమకథలూ రాసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. అడిగే హక్కు మీకుంది. ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో తప్పించుకుంటూ వచ్చాను. ప్రూఫ్‌రీడర్ గారు సమోసా తింటూ చెప్పగలిగింది నేను కలం పట్టుకుని చెప్పలేనా అని సిగ్గేసింది.

2011. నాకు ఇరవయ్యొక్క ఏళ్ళు. బి.ఏ. ఆఖరు సంవత్సరం. విద్యానగర్‌లో నలుగురం కలిసి ఓ గది. చదువుకని చెప్పి పొద్దున్నే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడికి ఓ అమ్మాయి వచ్చేది. తెనాలి వైపు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకుంటోంది.

మా పరిచయంలో పుస్తకాలు కింద పడలేదు గానీ, పుస్తకం మీదే తగాదా వచ్చింది. శ్రీశ్రీ సినిమాల్లోకి పోయి పాడైపోయాడని ఆమె. సినిమాల్లోకి పోబట్టే రిక్షావాడి దాకా వెళ్ళాడని నేను. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిందీ, 'ఆహుతి' డబ్బింగ్ చిత్రానికి ఆయన పాటలు రాసిందీ ఒకే ఏడాది, 1950లో. "చూశారా, పొద్దున పుస్తకం, సాయంత్రం సినిమా. రెండూ ఒకే మనిషి" అన్నాను. "అదేనండీ నా బాధ" అంది. 'అల్లూరి సీతారామరాజు' పాటకి 1974లో జాతీయ అవార్డు వచ్చిన సంగతి తీశాను. "అవార్డు సినిమాకా, ఆయనకా?" అంది. వారం రోజులు ఇదే గొడవ. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదని అటెండరు రెండుసార్లు బయటికి పంపాడు.

చివరికి ఆమే అంది. "ఇక్కడ కాదు గానీ, ఆయన ముందే తేల్చుకుందాం. ఆదివారం నాలుగున్నరకి టాంక్‌బండ్ మీద, శ్రీశ్రీ దగ్గర."

ఆ ఆదివారం మార్చి 13. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

మధ్యలో గురువారం వచ్చింది. మార్చి 10.

అది మిలియన్ మార్చ్ రోజని హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి గుర్తు చెయ్యక్కర్లేదు. తెలంగాణ కోసం టాంక్‌బండ్ మీదికి రమ్మని పిలుపు. దారులన్నీ పోలీసులు కట్టేశారు. అయినా గల్లీల్లోంచి, ముళ్ళకంచెలు దాటి జనం వచ్చారు. మా గదిలో నలుగురమూ పోయాం. పోవడం గురించి నాకు అప్పుడూ ఇప్పుడూ చింత లేదు. మా చిన్నాయన 1969 ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నవాడు. మాది ఆ కడుపుమంట తెలిసిన ఇల్లు. ఆ 33 విగ్రహాల్లో మా ప్రాంతం వాళ్ళు ఎంతమంది అన్న ప్రశ్న న్యాయమైనదేనని ఇప్పటికీ అంటాను.

కాని ఆ మధ్యాహ్నం కొందరు విగ్రహాలకి తాళ్ళు కట్టారు. ఒక్కొక్కటే పడుతూ వచ్చింది. కొన్ని చెరువులోకి పోయాయి. నేను గుంపులో ఉన్నాను. చెయ్యి వెయ్యలేదు. వద్దనీ అనలేదు. ఒకటి పడ్డప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా చేతులూ కలిశాయి. పడ్డది ఎవరో నాకప్పుడు కనిపించలేదు. సాయంత్రం తెలిసింది, పడ్డవాళ్ళలో శ్రీశ్రీ కూడా ఉన్నాడని.

మార్చి 10. బుద్ధుడు మునిగిన తేదీ కూడా అదే. ఆ సంగతి చాలా ఏళ్ళకి, ఓ వ్యాసం రాస్తూ గమనించాను.

శుక్ర, శని ఆమె లైబ్రరీకి రాలేదు. ఫోను చేద్దామని పదిసార్లు తీసి పెట్టేశాను. ఆదివారం ఎందుకు పోయానో నాకే తెలీదు. వస్తుందన్న ఆశతో కాదు. రాకపోతే నా పాపం తేలిపోతుందన్న పిరికితనంతో అనుకుంటాను. కొత్త చొక్కా తొడుక్కోలేదు.

ఆమె నాకంటే ముందే వచ్చి ఉంది. ఖాళీ దిమ్మె పక్కన నిలబడి ఉంది. దూరంగా పోలీసులు. చెరువు కంపు మాత్రం యథాప్రకారం.

"అడ్రసు పోయిందండీ. అందుకని ముందే వచ్చి నిలబడ్డాను, మీకు తెలియాలిగా" అంది.

నవ్వడానికి ప్రయత్నించాను. రాలేదు.

"గురువారం ఎక్కడున్నారు మీరు?" అని అడిగింది. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు.

"రూములో" అన్నాను.

ఆ ఒక్క మాట నోటినుంచి జారడానికి అర సెకను పట్టింది. ఆమె నా మొహంకేసి చూసి, "సరే" అంది. చిన్నమ్మ బస్సులో అన్న "సరే" లాంటిది కాదది.

పల్లీలు కొన్నాను. సిమెంటు బల్ల మీద కూచున్నాం. వాళ్ళన్నయ్య రెండు రోజులుగా ఫోన్లు చేస్తున్నాడట, హాస్టల్ ఖాళీ చేసి వచ్చెయ్యమని. రెండు రోజులూ హాస్టల్ గేటు దాటనివ్వలేదట. "ఆదివారం శ్రీశ్రీని చూసొచ్చి చెబుతానన్నాను. 'పడగొట్టేశారు కదే' అన్నాడు. 'పడినాయన్నయినా చూడాలి, మాటిచ్చాను' అన్నాను" అంది.

శ్రీశ్రీ సినిమా పాటల గురించి ఒక్క మాటా రాలేదు. తేల్చుకోవలసిన తగాదా తేలకుండానే పోయింది. ఎదురుగా బుద్ధుడు. ఆయన ముందు కూచుని అబద్ధం మోయడం ఎంత కష్టమో నాకా సాయంత్రం తెలిసింది. గంటసేపు ఆమె తెనాలి గురించీ, వాళ్ళమ్మ గురించీ, పరీక్షల గురించీ చెప్పింది. నేను ఊఁ కొట్టాను. పల్లీ పొట్టు ఒలిచి కుప్ప పోశాను.

ఆరు దాటాక లేచి బస్సు స్టాపు దాకా నడిచాం. అక్కడ చెప్పేశాను.

"నేను రూములో లేను. ఇక్కడే ఉన్నా. చెయ్యి వెయ్యలే. చప్పట్లు కొట్టిన."

అంతసేపూ పుస్తకాల భాష మాట్లాడినవాణ్ణి, ఆ మాట మాత్రం మా ఊరి భాషలో వచ్చింది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నేను ఆమె మొహంకేసి చూడలేదు. బస్సు వస్తూ కనిపించింది. అప్పుడు అంది.

"మీరు వచ్చినందుకు నాకేం కోపం లేదండీ. మీ ఊరు, మీ బాధ. మీరు రాకపోతేనే ఆశ్చర్యపోదును. ఆ మాట రాగానే చెప్పి ఉంటే పోట్లాడుకునేవాళ్ళం. ఇంకో గంట కూచునేదాన్ని. బస్సొచ్చేసింది."

ఎక్కి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా హాస్టల్ ఖాళీ చేసింది. కొన్నాళ్ళు మెసేజీలు నడిచాయి. తగాదా మాత్రం ఉత్సాహంగా సాగలేదు. 2014లో రాష్ట్రాలు రెండయ్యాయి. ఆ ఏడే ఆమెకు పెళ్ళయింది. శుభలేఖ పంపింది. నేను పోలేదు. పోవలసింది.

రాష్ట్రాలు విడిపోవడం వల్ల మేం విడిపోయామని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అలా రాస్తే సినిమా కథ బాగా అమ్ముడుపోతుంది గానీ, అది మళ్ళీ ఇంకో అబద్ధం. రెండు ప్రాంతాల మధ్య పెళ్ళిళ్ళు చేసుకుని సుఖంగా ఉన్నవాళ్ళు నాకు డజను మంది తెలుసు. మా మధ్య అడ్డొచ్చింది ఉద్యమం కాదు. "రూములో" అన్న మూడక్షరాలు.

విగ్రహాలు తరువాత మళ్ళీ పెట్టారు. శ్రీశ్రీ మళ్ళీ నిలబడ్డాడు. డబుల్ డెక్కర్లు పోయి, 2023లో ఎలక్ట్రిక్‌వి కొన్ని మళ్ళీ కనిపించాయి. ఆ ఏడే చెరువుకి అటు పక్కన అంబేడ్కర్ 125 అడుగుల ఎత్తున లేచి నిలబడ్డారు. 2003లో ఆ వైపు ప్రసాద్స్ ఐమాక్స్ వచ్చాక సగం జంటలు చెరువు గాలి వదిలి ఏసీ గాలికి మళ్ళాయి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో బాంబు పేలినప్పుడు, ఇక ఈ వైపు ఎవరైనా వస్తారా అనుకున్నాం. వచ్చారు. ఊరికి ఇంకో చెరువు లేదు మరి.

ఈ వ్యాసం కోసం గత ఆదివారం మళ్ళీ పోయాను. ఓ కుర్రాడు ఫోను చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఎవరి దగ్గర రమ్మన్నావు తమ్ముడూ?" అని అడిగాను. "ఎవరి దగ్గరేంటన్నా? లొకేషన్ పంపిన" అన్నాడు. తెరమీద నీలిచుక్క ఒకటి మెల్లగా అతనివైపు కదులుతోంది. అతను నిలబడ్డది మొల్ల పక్కనే. ఆ సంగతి అతనికి తెలీదు. చెబుదామనుకుని మానేశాను. చుక్క దగ్గరకొచ్చేసింది. నేను అడ్డం లేచాను.

అన్నట్టు, అసలు సంగతి ఒకటి మిగిలింది.

రెండేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను. పదమూడేళ్ళ తరువాత కూడా ఆ "అండీ" గుర్తుపట్టడానికి నాకు సెకను పట్టలేదు. కూతురికి బుద్ధుణ్ణి చూపిద్దామని భర్తతో కలిసి వచ్చిందట. రాత్రికే తిరుగు ప్రయాణం.

"శ్రీశ్రీ దగ్గరున్నానండీ. బాగానే నిలబెట్టారు. మా అమ్మాయి, ఈ తాతెవరమ్మా అంటోంది. సినిమా పాటలు రాసేవాడని చెప్పాను" అంది.

"ఒప్పుకున్నారన్నమాట!" అన్నాను.

"ఏం చేస్తాం, పిల్లకి అదే తేలిగ్గా అర్థమయింది. ఇంతకీ మీరెక్కడున్నారు?"

నాకు ఆ ప్రశ్న అర్థమయింది. ఆమెకీ తెలుసు, నాకర్థమయిందని.

"రూములో" అన్నాను.

ఫోనులో క్షణం నిశ్శబ్దం. తరువాత ఇద్దరం పగలబడి నవ్వాం. ఆవలినుంచి పిల్ల "ఏంటమ్మా? ఏంటమ్మా?" అంటోంది.

ఈసారి నిజంగానే రూములో ఉన్నాను. ఈ శీర్షికే రాసుకుంటున్నాను.

ఉంటాను మరి. బెల్లు కొట్టారు, సీట్లలోకి పదండి.